ఫోను ఆయుష్షును బ్యాటరీకి ముడిపెట్టిందెవరు?

తెర, కెమెరా, ప్రాసెసర్ అన్నీ సక్రమంగా పనిచేస్తున్నా బ్యాటరీ నీరసించిందన్న ఒక్క కారణంతో స్మార్ట్‌ఫోనునే మార్చవలసి రావడం ఎంతవరకు సమంజసం? ఈ ప్రశ్నకు యూరోపియన్ యూనియన్ చట్టం ద్వారా సమాధానం చెప్పింది. అక్కడి 27 సభ్య దేశాల్లో కొత్తగా విపణిలోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు ఎలా ఉండాలో నిర్దేశించే నిబంధనలు 2025 జూన్ 20 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ఏడు వారాల ముందు, మే 3న, భారత ప్రభుత్వం నియమించిన కమిటీ ఇదే విషయంపై తన నివేదికను సమర్పించింది. అయితే అది ఎంచుకున్న దారి వేరు. ఫోనును ఎలా తయారు చేయాలో చెప్పే జోలికి పోకుండా, దానికి మరమ్మతు చేయడం ఎంత సులభమో తెలిపే ‘మరమ్మతు సూచిక’ను కంపెనీలే స్వయంగా ప్రకటించాలని సిఫార్సు చేసింది. ఏటా సుమారు 15 కోట్ల స్మార్ట్‌ఫోన్లు అమ్ముడుపోయే దేశానికి, అందులోనూ వాటిలో అత్యధిక భాగాన్ని తానే కూర్చి తయారు చేస్తున్న దేశానికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

సమస్య కొత్తగా పుట్టింది కాదు, పుట్టించింది. 2003లో మన విపణిలోకి వచ్చి టార్చిలైటుతో పల్లెపల్లెకూ చేరిన నోకియా 1100 ఫోనులో బ్యాటరీ మార్చడానికి నిపుణుడు అవసరం లేదు. వెనుక మూత తీసి, గోటితో పైకెత్తితే పాతది బయటికి వచ్చేది. ఆ బ్యాటరీ పేరు ‘బీఎల్-5సీ’ కిరాణా దుకాణాల్లో సైతం సుపరిచితం. ఆ సౌలభ్యం విలువ ఎంతటిదో 2007 ఆగస్టులో తెలిసివచ్చింది. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారు చేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు చార్జింగ్ సమయంలో అతిగా వేడెక్కే అవకాశం ఉందని నోకియా ప్రకటించింది. మన దేశంలోనూ కలకలం రేగింది. కానీ పరిష్కారం మాత్రం అతి సులువు. బ్యాటరీ మీది సంఖ్యను సరిచూసుకుని, అనుమానిత జాబితాలో ఉంటే దానిని ఉచితంగా మార్చుకోవడమే. ఫోను ఎవరిది వారి చేతిలోనే ఉండిపోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత జరిగిన ఉదంతం ఇందుకు పూర్తిగా భిన్నం. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకున్నప్పుడు ఆ సంస్థ దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కు పిలిపించవలసి వచ్చింది. మార్చి ఇచ్చిన ఫోన్లూ మండటంతో అక్టోబరులో ఆ మోడల్ ఉత్పత్తికే స్వస్తి పలికింది. లోపం ఇద్దరు సరఫరాదారులు అందజేసిన బ్యాటరీలలోనే ఉందని 2017 జనవరిలో సంస్థ స్వయంగా వెల్లడించింది. బ్యాటరీ విడిగా వచ్చే అమరిక ఉండి ఉంటే మొత్తం ఫోను బలి కావలసిన అవసరం ఉండేది కాదేమో! బిగించిన బ్యాటరీయే భద్రమని వాదించే కంపెనీలు ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడిన సందర్భాలు అరుదు.

బిగింపు వెనుక కారణాలు

2007లో ఆపిల్ తొలి ఐఫోను వినియోగదారుడు మూత తీయలేని విధంగా వచ్చింది. మిగిలిన కంపెనీలు కొంతకాలం వెటకారం చేసి, తర్వాత అదే బాట పట్టాయి. సామ్‌సంగ్ తన ప్రధాన శ్రేణిలో 2015లో గెలాక్సీ ఎస్6తో ఈ మార్పు చేసింది. ఇందుకు సాంకేతిక కారణాలు లేకపోలేదు. చేతితో మార్చే బ్యాటరీకి గట్టి కవచం కావాలి. అది చోటు తింటుంది. బిగించిన ఫోనులో పలుచని సంచిలాంటి బ్యాటరీని జిగురుతో అతికిస్తే అదే చోటులో ఎక్కువ సామర్థ్యం అమరుతుంది. ఫోను పలుచబడుతుంది. గాజు, లోహపు వీపులు సాధ్యమవుతాయి. నీరు, దుమ్ము చొరబడకుండా నిరోధించడం తేలికవుతుంది.

చివరి కారణాన్ని కంపెనీలు అందరికంటే బిగ్గరగా చెబుతాయి. కానీ వాదనలో బలం తక్కువ. 2014లో సామ్‌సంగ్ విక్రయించిన గెలాక్సీ ఎస్5కు నీటి నుంచి రక్షణా ఉంది, చేతితో తీయగల మూతా ఉంది. పరిశ్రమల్లో, నిర్మాణ రంగంలో వాడకానికి అదే సంస్థ 2022లో తెచ్చిన ఎక్స్‌కవర్ 6 ప్రోలోనూ ఈ రెండూ కలిసే ఉన్నాయి. మొరటు వాడకానికి తయారు చేసిన ఫోనులో సాధ్యమైనది సామాన్యుని ఫోనులో అసాధ్యం ఎలా అవుతుందన్నది ఐరోపా చట్టసభల్లో తరచూ వినిపించిన ప్రశ్న.

లిథియం అయాన్ బ్యాటరీ అరగడం దాని స్వభావం. పూర్తిగా నింపి, పూర్తిగా వాడితే దానిని ఒక ఆవృత్తిగా లెక్కిస్తారు. కొన్ని వందల ఆవృత్తుల తర్వాత నిల్వ సామర్థ్యం తొలినాటి సామర్థ్యంలో 80 శాతానికి పడిపోవడం మామూలు. వేడి ఈ క్షీణతను వేగవంతం చేస్తుంది. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే సామర్థ్యానికి శాశ్వత నష్టం వాటిల్లవచ్చునని ఆపిల్ తన సూచనల్లోనే పేర్కొన్నది. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఆ హద్దు ఎక్కడ ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. ఐరోపాలో నాలుగేళ్లు నిలిచే బ్యాటరీ ఇక్కడ అంతకాలం నిలుస్తుందని ఆశించడం కష్టం. బ్యాటరీ మార్పిడి అవసరం చలి దేశాల కంటే మనకే ఎక్కువ.

29 డాలర్ల పాఠం

కంపెనీలు ఎంతగా తటపటాయిస్తున్నాయో అర్థం కావడానికి ఆపిల్ అనుభవం ఒక్కటి చాలు. బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్లు 2017 డిసెంబరులో ఆ సంస్థ అంగీకరించింది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామని వివరణ ఇచ్చింది. కానీ వేగం తగ్గిందని విసిగి కొత్త ఫోను కొన్నవారికి అసలు సంగతి తెలియదు. విమర్శలు వెల్లువెత్తడంతో క్షమాపణ చెప్పి, వారంటీ ముగిసిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు 2018 చివరి వరకు తగ్గించింది. వినియోగదారులకు సమాచారం ఇవ్వనందుకు ఫ్రాన్స్ 2020 ఫిబ్రవరిలో 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది.

అసలు కథ 2019 జనవరి 2న బయటపడింది. ఆ రోజు ఆపిల్ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు రాసిన లేఖలో, త్రైమాసిక రాబడి అంచనాను 89-93 వందల కోట్ల డాలర్ల నుంచి 84 వందల కోట్లకు తగ్గిస్తున్నట్లు తెలిపారు. చైనాలో మందగమనం ప్రధాన కారణమన్నారు. వినియోగదారులు కొత్త ఫోను కొనకపోవడానికి గల ఇతర కారణాల్లో, చౌకగా దొరికిన బ్యాటరీ మార్పిడిని వారు వినియోగించుకోవడం ఒకటని కూడా పేర్కొన్నారు. అందుబాటు ధరలో బ్యాటరీ మారితే పాత ఫోను మరికొంత కాలం నడుస్తుందని, ఆ మేరకు కొత్త ఫోను అమ్మకం తగ్గుతుందని ఇంతకంటే అధికారికంగా చెప్పగల సాక్షి మరొకరుండరు.

ఐరోపా నిబంధనలు ఈ చోటే పట్టు బిగించాయి. ఫోను బ్యాటరీ 800 ఆవృత్తుల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఒక మోడల్ అమ్మకాలు నిలిపివేసిన తర్వాత ఏడేళ్లపాటు కీలకమైన విడిభాగాలు దొరకాలి. అడిగిన 5 నుంచి 10 పనిదినాల్లో వాటిని అందజేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరణలు అమ్మకాలు ముగిసిన అయిదేళ్ల వరకు ఇవ్వాలి. బ్యాటరీ బాగుండి సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ప్రయోజనం శూన్యం కనుక ఈ చివరి నిబంధనకు ప్రాధాన్యం ఎక్కువ.

దీనికి తోడు 2023లో చేసిన మరో చట్టం ఉంది. చేతిలో ఇమిడే ఉపకరణాలన్నింటిలోనూ బ్యాటరీని వినియోగదారుడే, బజారులో దొరికే పనిముట్లతో తీసి మార్చుకోగలగాలన్నది దాని సారాంశం. వేడి చేసి ఊడదీయడం, ద్రావకాలు పోసి జిగురు కరిగించడం వంటి పద్ధతులు అందులో పనికిరావు. దీని అమలు తేదీ 2027 ఫిబ్రవరి 18.

ఇంత పకడ్బందీ చట్టానికీ కంత లేకపోలేదు. 500 ఆవృత్తుల తర్వాత 83 శాతం, 1000 ఆవృత్తుల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలిపే బ్యాటరీ ఉండి, ఫోను దుమ్మును పూర్తిగా నిరోధిస్తూ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోగలిగితే, బ్యాటరీ మార్పిడిని వృత్తి నిపుణులకే పరిమితం చేయడానికి 2025 నిబంధనలు వెసులుబాటు కల్పించాయి. ఖరీదైన ఫోన్లు ఈ కొలతలను అందుకోవడం అంత కష్టం కాదు. అంటే, మూత తీసి బ్యాటరీ మార్చే పాత రోజులు యథాతథంగా తిరిగివస్తాయని ఆశించడం తొందరపాటే అవుతుంది. మార్పు మాత్రం మొదలైంది. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో 9 వోల్టుల విద్యుత్తు తాకిస్తే పట్టు వదిలే జిగురును ఆపిల్ వాడింది. ఇది ఏ దయాగుణం వల్లనో వచ్చిందనుకోనక్కర లేదు.

పూజారి వరం

మూత తెరుచుకున్నంత మాత్రాన సమస్య తీరదు. ఇటీవలి ఫోన్లలో బ్యాటరీ, తెర, కెమెరాల క్రమసంఖ్యలను కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌తో జతకడుతున్నది. బయటి మెకానిక్ మార్చిన భాగం అసలుదే అయినప్పటికీ కంపెనీ ఆమోదముద్ర పడకపోతే ‘ఇది నిజమైన భాగమని నిర్ధారించలేకపోతున్నాం’ అన్న హెచ్చరిక తెరపై ప్రత్యక్షమవుతుంది. కొన్ని సదుపాయాలు కనిపించకుండా పోతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అమెరికాలో సమాఖ్య స్థాయిలో ఇటువంటి చట్టం లేకపోయినా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ముందుకు వచ్చాయి. న్యూయార్క్ 2022లో, మిన్నెసోటా, కాలిఫోర్నియా 2023లో చట్టాలు చేశాయి. 100 డాలర్లకు పైబడిన ఉపకరణాలకు ఏడేళ్లపాటు విడిభాగాలు అందించాలని కాలిఫోర్నియా నిర్దేశించింది. 2024లో ఓరిగన్ మరో అడుగు వేసి, మరమ్మతును అడ్డుకునే ఈ జతకట్టే పద్ధతినే నిషేధించింది. సాఫ్ట్‌వేర్ కిటుకులతో మరమ్మతును అడ్డుకోరాదని ఐరోపా 2024లో చేసిన మరమ్మతు హక్కు ఆదేశం కూడా చెబుతున్నది. సహేతుకమైన కారణం ఉంటే తప్ప అన్న మినహాయింపు అందులో ఉంది. దానిని సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవడానికి విధించిన గడువు 2026 జూలై 31.

ఇక మన సంగతి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై తొలి కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట ఉంచే పోర్టల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో అదనపు కార్యదర్శి భరత్ ఖేరా అధ్యక్షతన రెండో కమిటీ ఏర్పడింది. తొలి కమిటీకి నేతృత్వం వహించిన నిధి ఖరే అప్పటికి శాఖ కార్యదర్శి అయ్యారు. 2025 మేలో నివేదిక అందుకున్నది ఆమే.

మొబైల్ ఫోన్లు, టాబ్లెట్లతో ప్రారంభించాలని నివేదిక సూచించింది. బ్యాటరీ, తెర, కెమెరా, చార్జింగ్ రంధ్రం వంటి తరచూ చెడిపోయే భాగాలను గుర్తించింది. నిర్ణీత ప్రమాణాల ప్రకారం కంపెనీలే సూచికను ప్రకటించి, దుకాణాల్లోను, ఆన్‌లైన్ విక్రయ వేదికల్లోను, డబ్బాపై క్యూఆర్ కోడ్ రూపంలోను ప్రదర్శించాలన్నది. కంపెనీలపై అదనపు భారం పడకుండా ఇదంతా జరగాలని కూడా చేర్చింది. చిక్కు ఆ చివరి మాటలోనే ఉంది. భారం పడని నిబంధన ప్రవర్తనను ఏ మేరకు మార్చగలదన్నది సందేహాస్పదం. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకునే పద్ధతిలో, వాటిని తనిఖీ చేసే యంత్రాంగం, తప్పుడు మార్కులకు శిక్ష లేకపోతే సూచిక మరో ప్రచార సాధనంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇటువంటి సూచికకు ఆద్యురాలు ఫ్రాన్స్. 2021 జనవరి నుంచి అక్కడ ఫోన్లకు పదికి ఇన్ని మార్కులని ప్రకటించడం తప్పనిసరి చేశారు. అక్కడా మార్కులు వేసుకున్నది కంపెనీలే. కానీ అయిదు ప్రమాణాల్లో ఒకటి విడిభాగం ధర. కొత్త ఫోను ఖరీదుతో పోలిస్తే విడిభాగం ధర ఎంత అన్న లెక్కకు మొత్తం మార్కులలో అయిదో వంతు కేటాయించారు. భారతీయ వినియోగదారునికి కీలకమైన ప్రశ్న కూడా ఇదే. పన్నెండు వేల రూపాయల ఫోనుకు అధీకృత కేంద్రంలో బ్యాటరీ, పనికూలి, పన్ను కలిపి పెద్ద మొత్తం అడిగితే, కొత్త ఫోను నెలసరి వాయిదాల ప్రకటన వైపు అతని చూపు మళ్లుతుంది. కంపెనీ కోరుకునేదీ అదే.

కోఠీ నుంచి కరోల్ బాగ్ దాకా

అధీకృత కేంద్రం వద్దనుకున్నవారికి మన దేశంలో మరో దారి ఎప్పుడూ ఉంది. హైదరాబాద్‌లోని జగదీష్ మార్కెట్, ఢిల్లీ కరోల్ బాగ్‌లోని గఫార్ మార్కెట్, చెన్నై రిచీ వీధి, బెంగళూరు ఎస్పీ రోడ్డు ఒక సమాంతర పరిశ్రమకు కేంద్రాలు. కంపెనీలు నక్షాలు ఇవ్వకపోయినా, విడిభాగాలు అమ్మకపోయినా, అతికించిన ఫోన్లను వేడి చేసి విప్పి, మళ్లీ మూసే నైపుణ్యాన్ని అక్కడి కుర్రవాళ్లు సొంతంగా సంపాదించారు. జిగురుకు అంటుకున్న బ్యాటరీని ఊడదీసేటప్పుడు అది వంగినా, గుచ్చుకున్నా మంటలు లేచే ప్రమాదాన్ని వారు రోజూ ఎదుర్కొంటున్నారు. ఐరోపా నిషేధించిన వేడి పద్ధతే వీరి జీవనాధారం.

వీరి చేతికి వచ్చే బ్యాటరీ ఎటువంటిదన్నది మరో సమస్య. లిథియం బ్యాటరీలకు భారత ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ఐఎస్ 16046 ప్రమాణం, నమోదు సంఖ్య బ్యాటరీపై ఉండాలి. ఆచరణలో, అసలు విడిభాగాన్ని కంపెనీ బయటివారికి విక్రయించనప్పుడు ఆ ఖాళీని నాసిరకం సరుకు నింపుతుంది. తర్వాత ఆ నాసిరకం బ్యాటరీ ఉబ్బితే, బయటి మరమ్మతులు ప్రమాదకరమని చెప్పడానికి కంపెనీకే ఆధారం దొరుకుతుంది. సమస్యను సృష్టించినవారే దానిని సాక్ష్యంగా చూపడం విడ్డూరం.

ఈ విషయంలో మనకు సొంత పూర్వోదాహరణ ఉంది. స్వతంత్ర మెకానిక్‌లకు విడిభాగాలు, సాంకేతిక సమాచారం అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. వ్యవహారం అప్పీళ్లకు వెళ్లింది. అయినప్పటికీ, అమ్మిన వస్తువు విడిభాగాలపై గుత్తాధిపత్యం పోటీ చట్టానికి విరుద్ధం కావచ్చునన్న సూత్రం ఆనాడే స్థిరపడింది. కారుకు వర్తించిన తర్కం ఫోనుకు ఎందుకు వర్తించదో కమిటీలు ఇంతవరకు వివరించలేదు.

విదేశీ మారకద్రవ్యం కోణమూ విస్మరించదగింది కాదు. పొరుగున ఉన్న పాకిస్తాన్ 2022 మేలో డాలర్ల కొరతతో విలాస వస్తువుల పేరిట దిగుమతులు నిషేధించినప్పుడు ఆ జాబితాలో మొబైల్ ఫోన్లు కూడా ఉన్నాయి. ఆగస్టు దాకా సాగిన ఆ కాలంలో ఉన్న ఫోనును నడిపించుకోవడమే మార్గమైంది. లాహోర్ హఫీజ్ సెంటర్, ఢాకా మోతాలిబ్ ప్లాజాలలోని మరమ్మతు దుకాణాలకు మన గఫార్ మార్కెట్‌కు పెద్ద తేడా లేదు. భారత్‌లో ఫోన్లు కూర్చుతున్నా లోపలి సెల్స్ అధిక భాగం దిగుమతులే. తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్స్ కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైనప్పుడు దానికి లభించిన ప్రచారానికి కారణం ఈ లోటే. మరమ్మతుకు విడిభాగాలు అమ్మడం తప్పనిసరి అయితే ఇటువంటి కర్మాగారాలకు ఫోన్ల కంపెనీల కొనుగోళ్లతో సంబంధం లేని మరో గిరాకీ ఏర్పడుతుంది.

ఐరోపా చట్టం వల్ల వచ్చే మార్పులు మనకు ఎలాగూ సంక్రమిస్తాయి కదా అన్న వాదన కూడా ఉంది. ఖరీదైన ఫోన్ల విషయంలో అందులో నిజం ఉంది. శ్రీపెరంబుదూరులో కూర్చే ఐఫోను పారిస్‌కు ఒక రకంగా, విజయవాడకు ఒక రకంగా ఉండదు. కానీ పది, పదిహేను వేల రూపాయల లోపు ఫోన్లలో పెక్కు మోడళ్లు ఆసియా, ఆఫ్రికా విపణుల కోసమే రూపొందుతాయి. అవి ఐరోపా గడప తొక్కవు కనుక ఆ నిబంధనలు వాటికి వర్తించవు. బ్యాటరీ పోతే కొత్త ఫోను కొనే స్తోమత తక్కువగా ఉన్నవారి చేతుల్లో ఉండేవి అవే. విడిభాగాలను ఏడేళ్లు నిల్వ ఉంచాలన్న నియమం, పది రోజుల్లో అందజేయాలన్న నియమం సరిహద్దు దాటి రావు. వాటిని ఢిల్లీలోనే రాయాలి.

2022లో కేంద్రం ప్రకటించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారులపై రీసైక్లింగ్ లక్ష్యాలు విధించాయి. అదే ఏడాది బ్యాటరీ వ్యర్థాలకు వేరే నిబంధనలు వచ్చాయి. నమోదైన సంస్థలు పాత పరికరాలను బాగుచేసి తిరిగి వాడకంలోకి తెస్తే ఆ మేరకు లక్ష్యాన్ని వాయిదా వేసుకునే వీలు కూడా కల్పించారు. వీధి చివరి మరమ్మతు దుకాణం ఆ నమోదు పట్టికలో లేదు. ప్రపంచవ్యాప్తంగా 2022లో పోగుపడిన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలలో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైనవి 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. ఫోను పారవేసిన తర్వాత ఏం చేయాలో చెప్పే రెండు నిబంధనావళులు మనకు ఉన్నాయి. పారవేయవలసిన రోజును వెనక్కు నెట్టేందుకు కమిటీ సిఫార్సు చేసింది డబ్బాపై ఒక క్యూఆర్ కోడ్. దానిని చదివితే బ్యాటరీ ధర ఎంత, జగదీష్ మార్కెట్ మెకానిక్‌కు కంపెనీ దానిని అమ్ముతుందా, ఎన్నేళ్లు అమ్ముతుంది అన్న మూడు వివరాలు కనిపిస్తాయా లేదా అన్నది సూచిక విధివిధానాలు రాసే అధికారుల చేతుల్లోని విషయం.